ఒక్క ‘వచ్చింది’కి ఇంగ్లీషులో రెండు వాక్యాలు

పోయిన సెమిస్టర్‌లో ఒక ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చున్నాను. గదిలో సిగ్నల్ లేక మేడ మెట్ల మీదకి చేరాను. వెనకాల సముద్రం గాలి హోరు, ఒళ్ళో లాప్‌టాప్, నుదుటి మీద చెమట. అవతల మేడమ్ గారు పాపం నెమ్మదిగానే అడుగుతున్నారు. పైథాన్ ఎంతవరకు వచ్చు అన్నారు. ముందురోజు రాత్రి అద్దం ముందు పదిసార్లు అనుకున్న వాక్యాన్ని ధైర్యంగా వదిలాను.

“ఐ లర్న్డ్ పైథాన్ ఫర్ టూ ఇయర్స్, మేడమ్.”

ఆవిడ ఒక్క క్షణం ఆగి, “ఓకే. వై డిడ్ యూ స్టాప్?” అన్నారు.

ఎందుకు మానేశావు అని! నేనెక్కడ మానేశానండీ? ఆ రోజు పొద్దున్న కూడా అదే రాసుకుంటూ కూర్చున్నాను. “నో మేడమ్, ఐ యామ్... స్టిల్...” అంటూ ఏదో నసిగాను. ఆవిడ నవ్వి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఆ ఇంటర్న్‌షిప్ నాకు రాలేదు. ఆ ఒక్క వాక్యం వల్లే పోయిందని అనను, డేటాబేస్ ప్రశ్నకి కూడా బాగానే నీళ్ళు నమిలాను. కానీ ఆ “వై డిడ్ యూ స్టాప్” మాత్రం వారం రోజులు చెవిలో మోగింది. ఎందుకంటే నా వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. “ఐ లర్న్డ్ పైథాన్ ఫర్ టూ ఇయర్స్” నిఖార్సైన ఇంగ్లీషు వాక్యమే. కాకపోతే నేను చెప్పాలనుకున్నది అది కాదు. తప్పు వాక్యమైతే అవతలి వాళ్ళు సర్దుకుని అర్థం చేసుకుంటారు. ఇలా ఒప్పు వాక్యమే వేరే అర్థం చెప్తే, ఆ అర్థాన్నే నమ్మేస్తారు.

సింపుల్ పాస్ట్‌కీ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కీ మధ్య ఉన్న గొడవ ఇదే. మన కాలేజీలో ప్లేస్‌మెంట్ శిక్షణకి కూర్చునే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే కాబట్టి, నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. కంటితో కాకుండా నోటితో చదవండి. ఇంటర్వ్యూలో ఎవరూ స్పెల్లింగ్ అడగరు, తప్పు మన చెవికే తగలాలి.

ముందు మన భాష సంగతి చూద్దాం. “రిజల్ట్స్ వచ్చాయి” అనే మాట తీసుకోండి. ఇప్పుడే ఫోన్ చూసి క్లాసు గ్రూపులో “ఒరేయ్, రిజల్ట్స్ వచ్చాయిరా!” అని పెట్టామనుకోండి. అదే ‘వచ్చాయి’. ఆదివారం ఇంటికెళ్ళి “శుక్రవారం రిజల్ట్స్ వచ్చాయమ్మా” అన్నామనుకోండి. అక్కడా అదే ‘వచ్చాయి’. తెలుగుకి రెండు చోట్లా ఒక్క క్రియ చాలు. ఇంగ్లీషు మాత్రం మొదటిదాన్ని “ద రిజల్ట్స్ హ్యావ్ కమ్” అంటుంది, రెండోదాన్ని “ద రిజల్ట్స్ కేమ్ ఆన్ ఫ్రైడే” అంటుంది. మొదటిది వార్త: వచ్చి ఉన్నాయి, వెళ్ళి చూసుకో. రెండోది కథ: శుక్రవారం అనే రోజున జరిగిన సంఘటన.

‘రాలేదు’ అయితే ఇంకా తమాషా. అమలాపురం నుంచి మనవైపు బస్సులో వచ్చే డేస్కాలర్లకి ఇది రోజూ అనుభవమే. స్టాపులో నిలబడి ఉండగా స్నేహితుడు ఫోన్ చేసి “ఎక్కడున్నావురా?” అంటాడు. “బస్సు రాలేదురా” అంటాం. ఇది “ద బస్ హ్యాజ్ నాట్ కమ్”. ఇంకా ఎదురుచూస్తున్నాం, రావచ్చు. తరవాత ఎవరి బండో ఎక్కి ఫస్ట్ అవర్ సగంలో క్లాసుకి చేరతాం. సార్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. “బస్సు రాలేదండి సార్” అంటాం. ఇది “ద బస్ డిడ్ నాట్ కమ్, సర్”. ఎదురుచూడటం అయిపోయింది, ఆ బస్సు కథ ముగిసింది. గుమ్మం దగ్గర నిలబడి “ద బస్ హ్యాజ్ నాట్ కమ్, సర్” అన్నామంటే, క్లాసులో ఉండి కూడా బస్సు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. తెలుగులో రెండుసార్లూ పలికింది ‘రాలేదు’ అనే. తేడా తెలుగువాడి బుర్రలో లేక కాదు. క్రియలో లేదంతే. నిలబడ్డ చోటు, మాటకి ముందు వచ్చే ‘ఇంకా’, గొంతులో విసుగు, వీటితో మనం ఆ పని జరిపించేస్తాం.

మనకి స్కూల్లో చెప్పిన సూత్రం గుర్తుందా? “అప్పుడే పూర్తయిన పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్, ఎప్పుడో పూర్తయిన పనికి సింపుల్ పాస్ట్.” నా ఉద్దేశంలో సగం గందరగోళం ఈ సూత్రం వల్లే. ‘అప్పుడే’ అంటే ఎంతసేపటి క్రితం? ఐదు నిమిషాలా, రెండు రోజులా? ఇంగ్లీషు గడియారం చూసి ఈ తేడా చెయ్యదు. “హీ లెఫ్ట్ టూ మినిట్స్ ఎగో” అనాలి. రెండు నిమిషాలే అయినా అది సింపుల్ పాస్టే. మరోవైపు “ఇండియా హ్యాజ్ ల్యాండెడ్ ఆన్ ద మూన్” అని ఈ రోజు కూడా అనొచ్చు, పదేళ్ళ తరవాత కూడా అనొచ్చు. చంద్రుడి మీద దిగిన దేశాల్లో మనదీ ఒకటన్న సంగతి అప్పటికీ నిజమే కాబట్టి. అదే తేదీ చెప్పాలంటే “చంద్రయాన్ త్రీ ల్యాండెడ్ ఆన్ ద మూన్ ఆన్ 23 ఆగస్ట్ 2023”. సంఘటన ఒక్కటే. పాతదా కొత్తదా అన్నది లెక్కలోకే రాలేదు.

మన జిల్లానే తీసుకోండి. “కోనసీమ హ్యాజ్ బికమ్ ఎ డిస్ట్రిక్ట్” అంటే ఇప్పుడు మనం జిల్లా, కలెక్టరేట్ అమలాపురంలోనే ఉంది, కాకినాడ పరుగెత్తక్కర్లేదు. “కోనసీమ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఆన్ 4 ఏప్రిల్ 2022” అంటే ఆ రోజు సంగతి.

కాబట్టి ఆ సూత్రం బదులు నేను రెండు ప్రశ్నలు పెట్టుకున్నాను. నేను చెప్పే మాట “ఎప్పుడు జరిగింది?” అన్నదానికి జవాబా, “అయితే ఇప్పుడేంటి?” అన్నదానికి జవాబా? మొదటిదైతే సింపుల్ పాస్ట్. రెండోదైతే హ్యావ్.

ఈ ‘హ్యావ్’ అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే సంగతి మరీ తేలికవుతుంది. హ్యావ్ అంటే కలిగి ఉండటం కదా. పాతకాలపు ఇంగ్లీషులో ఈ వాక్యం నిజంగానే కలిగి ఉండటం గురించే మొదలైంది. “రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది” అనే లాంటి అర్థంలో “ఐ హ్యావ్ ద లెటర్ రిటెన్” అనే తరహా వాక్యాలు ఉండేవి. రానురాను మాటల వరస మారి “ఐ హ్యావ్ రిటెన్ ద లెటర్” అయింది. అంటే పని గతంలో జరిగింది, దాని ఫలితం ఇప్పుడు నా చేతిలో ఉంది. మన ఇళ్ళలో ఈ మాట లేకపోలేదు. అమ్మ పక్కింటికి వెళ్తూ “అన్నం వండి ఉంది, పెట్టుకు తిను” అంటుంది చూడండి, ఆ ‘వండి ఉంది’ సరిగ్గా ప్రెజెంట్ పర్ఫెక్టే. గిన్నెలో అన్నం ఉంది. “నిన్న బిర్యానీ వండాను” అంటే మాత్రం సింపుల్ పాస్ట్. గిన్నె ఖాళీ, కథే మిగిలింది. ‘రాసి పెట్టాను’, ‘కట్టి ఉంచాను’, ‘వచ్చి ఉన్నాడు’ ఇవన్నీ ఆ కోవవే. మనం వాడుకలో వీటిని తక్కువగా వాడతాం, వాడినప్పుడు కాస్త ఒత్తి వాడతాం, అంతే తేడా.

మన ఊరి చుట్టూ చూస్తే ఇంకో మంచి జత దొరుకుతుంది. ఓఎన్‌జీసీ వాళ్ళ టెర్మినల్ మన ఓడలరేవులోనే ఉంది. “ఓఎన్‌జీసీ హ్యాజ్ బిల్ట్ ఎ టెర్మినల్ ఇన్ అవర్ విలేజ్” అనొచ్చు. కట్టారు, అది ఉంది, రాత్రుళ్ళు దీపాలు కనిపిస్తాయి. పక్కనున్న బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళ వర్తక స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. ఆ స్థావరం గురించి హ్యావ్ పెట్టి మాట్లాడటం కుదరదు. “ద ఇంగ్లిష్ బిల్ట్ ఎ ట్రేడింగ్ పోస్ట్ దేర్” అనే అనాలి. వాళ్ళు వెళ్ళారు, భాష మిగిలింది: “ద ఇంగ్లిష్ లెఫ్ట్. ద లాంగ్వేజ్ హ్యాజ్ స్టేయ్డ్.” రెండు పొట్టి వాక్యాల్లో రెండు టెన్సులూ వచ్చేశాయి, మా గదిలో గోడ మీద రాసుకున్నాను.

ఇప్పుడు అసలు అవసరమైన చోటికి వద్దాం. ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఎక్కువగా “హ్యావ్ యూ ఎవర్...” అనే మొదలవుతాయి. హ్యావ్ యూ ఎవర్ వర్క్డ్ ఇన్ ఎ టీమ్? హ్యావ్ యూ డన్ ఎనీ ఇంటర్న్‌షిప్? ఇందులో ‘ఎప్పుడు’ అని లేదు. నీ జీవితంలో ఇప్పటివరకు ఆ అనుభవం ఉందా లేదా అని మాత్రమే. మనవాళ్ళ జవాబు ఇలా ఉంటుంది:

“యెస్ సర్, ఐ హ్యావ్ డన్ యాన్ ఇంటర్న్‌షిప్ ఇన్ మే. ఐ హ్యావ్ వర్క్డ్ ఇన్ టెస్టింగ్ టీమ్. వీ హ్యావ్ ఫౌండ్ సమ్ బగ్స్. దెన్ వీ హ్యావ్ రిపోర్టెడ్ దెమ్.”

ప్రశ్నలో హ్యావ్ వినిపించింది కదా అని చివరిదాకా దాన్ని పట్టుకుని వేలాడతాం. ఇంగ్లీషు చెవికి ఇది ఎలా ఉంటుందంటే, గుమ్మం తలుపు తీసి లోపలికి రాకుండా పదిసార్లు అదే తలుపు తీస్తున్నట్టు ఉంటుంది. హ్యావ్ పని తలుపు తియ్యడం. ఒకసారి తీశాక లోపల జరిగిందంతా సింపుల్ పాస్టే.

“యెస్ సర్, ఐ హ్యావ్. ఐ డిడ్ ఎ సిక్స్ వీక్ ఇంటర్న్‌షిప్ లాస్ట్ మే. ఐ వర్క్డ్ విత్ ద టెస్టింగ్ టీమ్. వీ ఫౌండ్ ఎ ఫ్యూ బగ్స్ అండ్ రిపోర్టెడ్ దెమ్.”

పోల్చి పైకి చదవండి. రెండోదాంట్లో మొదటి నాలుగు మాటల తరవాత హ్యావ్ ఊసే లేదు. చివర్లో మళ్ళీ ఇప్పటికి రావాలనుకుంటే అప్పుడు మరోసారి వాడుకోవచ్చు: “సిన్స్ దెన్, ఐ హ్యావ్ లర్న్డ్ టు రైట్ టెస్ట్స్ ఫర్ మై ఓన్ కోడ్.” కథలోంచి బయటికొచ్చి, దానివల్ల ఇప్పుడు నా దగ్గర ఏముందో చెప్పడం అన్నమాట. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి కావలసింది కూడా అదే.

ఇంగ్లీషు పేపర్లలో వార్తల నడక గమనించండి, చాలాసార్లు ఇదే వరస. మనం మన ఊరి గురించి వ్యాసం రాసినా ఇదే పనికొస్తుంది. “అవర్ విలేజ్ హ్యాజ్ సీన్ మెనీ సైక్లోన్స్. వన్ కేమ్ ఆన్ ద నైట్ ఆఫ్ 6 నవంబర్ 1996. ఇట్ బ్రోట్ డౌన్ కోకోనట్ గార్డెన్స్ ఆల్ ఓవర్ కోనసీమ.” మొదటి వాక్యం ఊరి అనుభవం. ఊరు ఇంకా ఉంది, ఆ అనుభవమూ ఉంది. రెండో వాక్యంలో తేదీ వచ్చింది, అక్కడ్నుంచి ఆ రాత్రి కథ.

తేదీ వచ్చిందంటే హ్యావ్ పోవాలి అన్నది ఇంగ్లీషులో దాదాపు తిరుగులేని నియమం. యెస్టర్డే, లాస్ట్ వీక్, ఇన్ 2023, టూ డేస్ ఎగో, వెన్ ఐ వాజ్ ఇన్ ఇంటర్, ఇలాంటివి ఏవి ఉన్నా అంతే. మనం ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే. “ఐ హ్యావ్ సబ్మిటెడ్ ద రికార్డ్ యెస్టర్డే, సర్.” దీనికి కారణం మన బద్ధకం కాదని నా నమ్మకం. మన అర్జీల తెలుగు చూడండి: “నేను ఫలానా తేదీన దరఖాస్తు చేసుకొని ఉన్నాను, ఇంతవరకు ఎటువంటి సమాధానము రాలేదు.” ‘చేసుకొని ఉన్నాను’ అనే తెలుగు పర్ఫెక్ట్‌కి పక్కన తేదీ ఉన్నా ఏ ఇబ్బందీ లేదు. దాన్నే ఇంగ్లీషులోకి దించితే “ఐ హ్యావ్ అప్లైడ్ ఆన్ ద ట్వెల్త్” అవుతుంది. ఆఫీసు కాగితాల్లో, ఫోనుకొచ్చే మెసేజుల్లో కూడా ‘హ్యాజ్ బీన్’ పక్కన తేదీ కనిపిస్తూనే ఉంటుంది. అలా చదివీ చదివీ చెవికి అలవాటైపోయింది. అర్జీ ఇంగ్లీషులో రాయాల్సొస్తే ఇలా విడగొట్టుకోండి: “ఐ అప్లైడ్ ఆన్ ద ట్వెల్త్. ఐ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ఎ రిప్లై.” పెట్టింది ఆ రోజు. జవాబు రాకపోవడం ఇవాళ్టి బాధ.

ఇంకో ఊరట మాట. ఈ తప్పు తెలుగువాళ్ళకే సొంతం కాదు. జర్మన్ వాళ్ళు “నిన్న అతన్ని చూశాను” అనడానికి “ఇఖ్ హాబె ఈన్ గెస్టెర్న్ గెజేయెన్” అంటారు. మాటకి మాట పెడితే “ఐ హ్యావ్ హిమ్ యెస్టర్డే సీన్”. వాళ్ళ భాషలో అది నూటికి నూరుపాళ్ళు ఒప్పు. కాబట్టి వాళ్ళు ఇంగ్లీషు మాట్లాడినా ఇక్కడే తడబడతారు. సంస్కృతంలో అయితే భూతకాలాలు మూడు. పాణిని ప్రకారం లుఙ్ సామాన్య భూతం, లఙ్ ఈ రోజు కాకుండా అంతకు ముందు జరిగినదానికి, లిట్ మాట్లాడేవాడు కళ్ళారా చూడనిదానికి. ప్రతి భాషా గతాన్ని తనకి తోచినచోట కోసుకుంటుంది. ఇంగ్లీషు కోసిన చోట తెలుగు కొయ్యలేదు, అంతే. మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు గానీ, ఆ కోత ఎక్కడుందో చూసుకోకపోతే కాలు పడుతుంది.

తేదీ చెప్పకపోయినా సమయం గడిచిపోయిందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. మనవైపు పలకరింపే “భోంచేశారా అండి?” కదా. మధ్యాహ్నం ఒంటిగంటకి అడిగితే “హ్యావ్ యూ హ్యాడ్ లంచ్?”. సాయంత్రం నాలుగింటికి, మెస్ మూసేశాక అడిగితే “డిడ్ యూ హ్యావ్ లంచ్?”. భోజనాల వేళ దాటిపోయింది మరి. “ఈ సెమిస్టర్‌లో రెండు ప్రాజెక్టులు చేశాను” అన్నది సెమిస్టర్ నడుస్తుండగా అయితే హ్యావ్ డన్. పరీక్షలు రాసి ఇంటికెళ్ళాక అయితే డిడ్.

ఇక నన్ను ముంచిన పైథాన్ వాక్యం. నా మనసులో ఉన్న తెలుగు “రెండేళ్ళ నుంచి నేర్చుకుంటున్నాను”. దీన్ని ఉన్నదున్నట్టు దించితే “ఐ యామ్ లెర్నింగ్ పైథాన్ ఫ్రమ్ టూ ఇయర్స్” అవుతుంది. అది తప్పని ఇంటర్‌లోనే చీవాట్లు తిన్నాను. అందుకని తెలివిగా పాస్ట్‌లోకి దూకాను. పెనం మీంచి పొయ్యిలోకి. తెలుగు లెక్కేంటంటే, ఇప్పుడూ నేర్చుకుంటున్నాను కాబట్టి క్రియ వర్తమానంలో ఉండాలి, ఎప్పట్నుంచో ‘నుంచి’ చెప్తుంది. ఇంగ్లీషు లెక్క వేరు. వెనక ఒక చోట మొదలై ఇప్పటిదాకా సాగి వచ్చిన నిడివిని కొలవాలంటే అది వర్తమానం ఒక్కదానికే అప్పజెప్పదు, హ్యావ్ కావాలంటుంది. “ఐ హ్యావ్ బీన్ లెర్నింగ్ పైథాన్ ఫర్ టూ ఇయర్స్.” ఇదీ నేను చెప్పాల్సిన వాక్యం. ఎంతకాలం అంటే ఫర్, ఎప్పట్నుంచి అంటే సిన్స్. ఫ్రమ్ ఇక్కడ పనికిరాదు. ‘తెలుసు’ కూడా అంతే. “వాణ్ణి పదేళ్ళుగా తెలుసు” అన్నది “ఐ నో హిమ్ ఫ్రమ్ టెన్ ఇయర్స్” కాదు, “ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్”.

ఇలాంటిచోట తెలుగులోంచే ఒక దొంగదారి ఉంది. “నేను ఈ కాలేజీకి వచ్చి మూడేళ్ళయింది” అనే వాక్యాన్ని పట్టుకోండి. “ఇట్ హ్యాజ్ బీన్ త్రీ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ టు దిస్ కాలేజ్.” వచ్చింది ఒక రోజున, అది కేమ్. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా అయిన మూడేళ్ళు, అది హ్యాజ్ బీన్. మన ‘వచ్చి’, ‘అయింది’ రెండూ చెరో పక్కన చక్కగా సర్దుకున్నాయి.

‘వెళ్ళాడు’ దగ్గర మాత్రం తెలుగే మనకి సాయం. రూమ్మేట్ ఏడి అంటే “అమలాపురం వెళ్ళాడు” అంటాం. ఇంకా రాలేదు, అక్కడే ఉన్నాడు: “హీ హ్యాజ్ గాన్ టు అమలాపురం.” “వాడు రెండుసార్లు అరకు వెళ్ళొచ్చాడు” అంటాం. ఆ ‘ఒచ్చాడు’ ఉంది చూశారూ, అదే ‘బీన్’: “హీ హ్యాజ్ బీన్ టు అరకు ట్వైస్.” ఎదురుగా కూర్చుని “ఐ హ్యావ్ గాన్ టు హైదరాబాద్” అంటే మాత్రం అవతలి మనిషి నవ్వుతాడు. నువ్వు ఇక్కడే ఉన్నావు కదయ్యా అని.

అమెరికా సినిమాలు చూసేవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. వాళ్ళు “ఐ ఆల్రెడీ ఏట్”, “డిడ్ యూ ఫినిష్ యెట్?” అంటున్నారు కదా, మరి బ్రిటిష్ పుస్తకాలు హ్యావ్ పెట్టమంటాయేంటి అని. నిజమే, జస్ట్, ఆల్రెడీ, యెట్ ఉన్నచోట్ల అమెరికన్లు సింపుల్ పాస్ట్ ధారాళంగా వాడతారు. మీరూ వాడుకోవచ్చు. కానీ ఈ సడలింపు ఒక పక్కకే. యెస్టర్డే పక్కన హ్యావ్ పెట్టడం అమెరికాలోనూ చెల్లదు.

మన బ్రాంచి చదువులోనే ఈ రెండు టెన్సులు రోజూ కనిపిస్తాయి, మనం చూడం. ఫోన్‌లో యాప్ ఆగిపోతే వచ్చే మాట ‘హ్యాజ్ స్టాప్డ్’. ఎప్పుడు ఆగిందని కాదు, ఇప్పుడు ఆగి ఉంది, ఏదో ఒకటి చెయ్యి అని. ‘యువర్ సెషన్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్’ అంటే మళ్ళీ లాగిన్ అవ్వు అని. అదే సర్వర్ లాగ్ తెరిచి, ఏ గంటకి ఏం జరిగిందో మెయిల్‌లో వివరించాలంటే సింపుల్ పాస్టే: ద సర్వర్ స్టాప్డ్ ఎట్ టూ ఫిఫ్టీన్. ప్రాజెక్టు రిపోర్టులో కూడా అంతే. ఇదివరకటి పరిశోధనల అధ్యాయంలో “సెవరల్ మెథడ్స్ హ్యావ్ బీన్ ప్రపోజ్డ్” అంటాం, ఆ పద్ధతులు ఇప్పటికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి. మన ప్రయోగం దగ్గరికొచ్చేసరికి “వీ మెజర్డ్ ద వోల్టేజ్ ఎట్ ఫైవ్ పాయింట్స్”. ఆ రోజు ల్యాబులో చేశాం, అయిపోయింది. ఫైనలియర్ వాళ్ళు రిపోర్టు బైండింగుకి ఇచ్చే ముందు ఈ రెండు అధ్యాయాలైనా ఒకసారి చూసుకోండి.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇది పరీక్షలకి సంబంధించింది కాదు.

కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబులో మమ్మల్ని ప్రభావితం చేసిన మనిషి గురించి ఒక పేజీ రాయమన్నారు. మా తాతయ్య గురించి రాశాను. ఆయన వైనతేయ మీద పడవ నడిపేవారు. నీటి రంగు, ఒడ్డున తడి గీత చూసి పోటు ఎంతసేపట్లో తిరుగుతుందో చెప్పేవారు. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. పేజీ మొదట్లోనే రాశాను: “మై గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ టాట్ మీ టు రీడ్ టైడ్స్.”

సార్ చదివి తలెత్తి, “తాతగారు ఇప్పుడెలా ఉన్నారయ్యా? ఇంకా పడవ వేస్తున్నారా?” అన్నారు.

“లేరండి. నేను టెన్త్‌లో ఉండగా పోయారు.”

సార్ కాసేపు ఏమీ అనలేదు. తరవాత ఆ ‘హ్యాజ్’ కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, “ఇది చూసి ఉన్నారనుకున్నాను” అన్నారు. వాక్యానికి కర్తగా ఉన్న మనిషి లేనప్పుడు, ఆయన చేసిన పనిని ఇంగ్లీషు మామూలుగా హ్యాజ్‌తో చెప్పదట. హ్యాజ్ అంటే కలిగి ఉండటం కదా, కలిగి ఉండటానికి మనిషి ఉండాలి. “నేర్పారు” అనే తెలుగు మాటలో తాతయ్య ఉన్నారో లేరో తెలీదు. తెలుగులో రాసి ఉంటే ఆ విషయం మూడో పేరాలో నాకు ఇష్టమైనప్పుడు చెప్పుకునేవాణ్ణి. ఇంగ్లీషు మొదటి వాక్యంలోనే చెప్పెయ్యమంటుంది. నిజం చెప్తున్నా, ఆ హ్యాజ్ కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

“మరి ఆయన నేర్పింది నా దగ్గర ఇంకా ఉంది కదండీ” అన్నాను.

“అయితే కర్త నువ్వవ్వు” అన్నారు సార్. నేను ఉన్నాను కాబట్టి నా వాక్యానికి హ్యావ్ వస్తుంది.

ల్యాబ్ అయ్యాక రేవు దాకా నడిచి వెళ్ళి, అక్కడే కూర్చుని మళ్ళీ రాశాను. “మై గ్రాండ్‌ఫాదర్ టాట్ మీ టు రీడ్ టైడ్స్. ఐ హ్యావ్ నాట్ ఫర్గాటెన్.” మర్నాడు చూపిస్తే సార్ ఈసారి టెన్సులు ముట్టుకోలేదు. ‘టైడ్స్’ ముందు ‘ద’ పెట్టమన్నారు. ఆ ‘ద’ ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో నాకింకా అంతుపట్టలేదు. తెలిసినవాళ్ళెవరైనా వచ్చే సంచికకి రాయండి బాబూ.